మొదటిసారి పట్నం – అంబులెన్సులోనా?



మన ఇళ్ళల్లో మొదటిసారి పట్నం పోయిన కథ ఒకటి తప్పకుండా ఉంటుంది. నాంపల్లి ఎగ్జిబిషన్‌కో, విశాఖ సముద్రానికో, ఉజ్జీవ సభలకో లారీ ఎక్కి, పులిహోర పొట్లాలు కట్టుకుని, చిన్నపిల్లలు తప్పిపోకుండా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వెళ్ళిన కథ. నాన్న రోడ్డు దాటలేక నిలబడిపోయిన సంగతి, అమ్మ లిఫ్టు ఎక్కనని మొరాయించిన సంగతి ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతాం. ఆ నవ్వు మంచిది. పేదవాడికి పట్నం చూసే హక్కు ఉంది. పిల్లల కళ్ళు పెద్దవయ్యే రోజు ఒకటి ప్రతి ఇంటికీ రావాలి.

నేను ఈ వ్యాసంలో రాస్తున్నది నవ్వుతూ చెప్పుకోలేని పట్నం ప్రయాణం గురించి. ఆ ప్రయాణానికి టికెట్ కొన్నవాళ్ళలో మనమూ ఉన్నాం కాబట్టి రాస్తున్నాను.

తమిళనాడులో విరుదునగర్ జిల్లా, శివకాశిని ఆనుకుని తిరుత్తంగల్ అనే ఊరు ఉంది. విరుదునగర్ నుంచి తెన్‌కాశి పోయే రైలు దారిలో దానికి ఒక స్టేషను. ఊళ్ళో కొండమీద పెరుమాళ్ కోవెల. వైష్ణవులు 108 దివ్యదేశాల్లో ఒకటిగా దాన్ని లెక్కిస్తారు. 2021లో శివకాశి, తిరుత్తంగల్ పురపాలక సంఘాలను కలిపి కార్పొరేషన్ చేశారు. అంటే కాగితం మీద ఆ ఊరి జనం నగరవాసులే. కానీ అక్కడి కూలి ఇళ్ళల్లో పట్నమంటే మదురై. దూరం సుమారు 70 కిలోమీటర్లు. బాణసంచా షెడ్డుల్లో, అగ్గిపెట్టెల పనిలో బతికే కొన్ని కుటుంబాలకు ఆ మదురై మొదటిసారి కనిపించేది మీనాక్షి కోవెల గోపురంగా కాదు, సంత వీధులుగా కాదు. ప్రభుత్వ రాజాజీ ఆసుపత్రి కాలిన గాయాల వార్డుగా. ముందు అంబులెన్సులో ఒళ్ళు కాలిన మనిషి. వెనక బస్సులో చంటిబిడ్డను చంకనేసుకున్న భార్య, చేతిసంచీతో ముసలి తల్లి. ఇదీ ఆ ఇంటి మొదటి పట్నం.

2005లో మన హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు తర్వాత తమిళనాడుకూ వెళ్ళింది. ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది, దేవునికి స్తోత్రం. కానీ 108 దివ్యదేశాల్లో ఒకటైన ఊరి కూలివాడికి 108 అనే అంకె వినగానే కోవెల గంట కాక సైరన్ గుర్తుకొస్తే, ఆ పరిస్థితికి జవాబు చెప్పాల్సినవాళ్ళు ఎవరు?

అక్కడ ఉన్నది మనవాళ్ళే

"తమిళనాడు సంగతి మనకెందుకు అయ్యగారూ" అని మన యూత్ అడగొచ్చు. చెబుతాను.

తిరుత్తంగల్, సాత్తూరు, కోవిల్‌పట్టి చుట్టూ ఉన్న నల్లరేగడి పల్లెల్లో ఇంట్లో తెలుగు మాట్లాడే జనం చాలామంది ఉన్నారు. విజయనగర, మదురై నాయకరాజుల కాలం నుంచీ దక్షిణానికి వలసపోయినవాళ్ళు. నాయుళ్ళున్నారు, రెడ్లున్నారు, అరుంధతీయులున్నారు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్‌లో 1923లో పుట్టిన కి. రాజనారాయణన్ ఇంటి భాష తెలుగే. తెలుగు కుటుంబాలు ప్రాణాలు అరచేత పట్టుకుని దక్షిణానికి పారిపోయి ఆ గడ్డమీద ఊరు కట్టుకున్న కథను ఆయన తమిళంలో నవలగా రాశారు. ఆ కథలోని ఊరి ప్రజల గురించి రాసిన నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. భూమి ఉన్న తెలుగువాళ్ళ జ్ఞాపకం అలా పుస్తకమైంది. భూమి లేని అరుంధతీయుల జ్ఞాపకం చీపురు పట్టిన చేతుల్లో, చెప్పులు కుట్టిన చేతుల్లో, మందు కూరిన చేతుల్లో మిగిలింది.

ఇక్కడ మాదిగలు కూడా తమను అరుంధతీయులని చెప్పుకుంటారని మీకు తెలుసు. అక్కడి అరుంధతీయులు చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగు, బళ్ళో చదివేది తమిళం. ఈ పత్రికను వాళ్ళు చదవలేరు. చదివి వినిపిస్తే అర్థం చేసుకుంటారు. భాష ఒకటి, వెలివాడ ఒకటి, దూరం మాత్రం మనం పెట్టుకున్నది.

మన మీద పాత బాకీ ఒకటి ఉంది

మనలో చాలామంది మరచిపోయిన చరిత్ర ఇది. 1903లో పాలయంకోటలో తమిళ క్రైస్తవులు తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించారు. దొరల డబ్బు మీద ఆధారపడకుండా, తమ చందాలతో, తమ మనుషులతో సువార్త పంపాలని. వాళ్ళు ఎన్నుకున్న పొలం ఏదో తెలుసా? తెలుగు నేల, డోర్నకల్. ఆ సంస్థ స్థాపనలో ముందున్న వేదనాయగం శామ్యూల్ అజరయ్య తిరునెల్వేలి సీమలోని వెళ్ళాళన్‌విళై పల్లెవాడు. తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబరు 29న డోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొందాడు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. ఆయన కాలంలో ఆ ప్రాంతంలో సంఘం చేరిన జనంలో అత్యధికులు మాలలు, మాదిగలు. అంటే మన తాతలు, ముత్తాతలు.

1910లో రామనాథపురం జిల్లా ఏర్పడేదాకా శివకాశి, సాత్తూరు ప్రాంతం తిరునెల్వేలి జిల్లాలోదే. సొసైటీ పుట్టిన నాటికి తిరుత్తంగల్ ఆ జిల్లా ఊరే. కరువు తాండవించే ఆ సీమ నుంచి చందా కట్టి పంపిన సువార్త మన పల్లె గుమ్మం తొక్కింది.

రోమా పత్రిక 15వ అధ్యాయంలో పౌలు ఒక లెక్క చెబుతాడు. యెరూషలేములోని పేద పరిశుద్ధుల కోసం చందా వసూలు చేస్తూ, ఆత్మసంబంధమైన మేలు వాళ్ళ దగ్గర పొందాం గనుక శరీర అవసరాల్లో వాళ్ళకు సాయపడడానికి మనం బాకీ ఉన్నాం అనే అర్థంలో రాస్తాడు. దానం అన్న మాట అక్కడ లేదు, బాకీ అన్నాడు. ఆ లెక్కన మనం దక్షిణాదికి ఎంత బాకీ? నూరేళ్ళు దాటింది. తిరిగి ఇచ్చిందేమిటి?

ఆర్డర్లు ఇచ్చాం. టపాకాయలకు ఆర్డర్లు.

మన పండుగ పేరు తీర్పులోనే ఉంది

బాణసంచా అనగానే దీపావళి మీదికి నెట్టేసి తప్పించుకోవడం మనకు అలవాటు. 2018 అక్టోబరు 23న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చదవండి. తక్కువ పొగ, తక్కువ శబ్దం వచ్చే పటాకులే కాల్చాలని, బేరియం లవణాలు వాడొద్దని, పేలుడు సరాలు తయారు చేయొద్దని చెప్పిన ఆ తీర్పు దీపావళికి రాత్రి 8 నుంచి 10 దాకా సమయం ఇచ్చింది. క్రిస్మస్‌కు, కొత్త సంవత్సరానికి ముందురోజు రాత్రుల్లో 11.55 నుంచి 12.30 దాకా ఇచ్చింది. ఆ 35 నిమిషాలు మనవి. దేశపు అత్యున్నత న్యాయస్థానం మన పేరుపెట్టి ఇచ్చిన 35 నిమిషాలు.

వాచ్ నైట్ సర్వీసు గుర్తు తెచ్చుకోండి. పన్నెండు కొట్టగానే పాస్టరు గారు వాగ్దాన వచనం ప్రకటిస్తారు. ఒకరి చేతులు ఒకరు పట్టుకుని ప్రార్థన చేస్తాం. ఆ వెంటనే చర్చి కాంపౌండులో చిచ్చుబుడ్లు, సీమటపాకాయలు, తారాజువ్వలు. కొన్ని సంఘాల్లో యూత్ చందా వేసుకుంటుంది. కొన్నిచోట్ల సంఘపు కానుకలోంచే ఖర్చు రాస్తారు. దేశంలో కాలే బాణసంచాలో అత్యధిక భాగం శివకాశి చుట్టుపక్కల తయారైనదే. అంటే ఆ రాత్రి మన చేతిలోని పెట్టెను అంతకుముందు ముట్టుకున్న చెయ్యి అక్కడి ఆడకూతురిది అయి ఉండవచ్చు. ఆ చెయ్యి ఇప్పుడెలా ఉందో మనం అడగలేదు.

షెడ్డులో ఏం జరుగుతుంది

ఆ సీమలో వానలు తక్కువ. సేద్యం నమ్ముకుంటే కడుపు నిండదు. 1920ల మొదట్లో శివకాశికి చెందిన అయ్య నాడార్, షణ్ముగ నాడార్ అనే ఇద్దరు బంధువులు కలకత్తా వెళ్ళారు. అక్కడ అగ్గిపుల్లల తయారీ నేర్చుకుని వచ్చి సొంత ఊళ్ళో కార్ఖానా పెట్టారు. తర్వాత అచ్చు యంత్రాలు వచ్చాయి, బాణసంచా వచ్చింది. ఇద్దరు కుర్రవాళ్ళు మహానగరం పోయి తిరిగి రావడంతో ఒక ప్రాంతం తలరాత మారింది. ఆ పట్టుదలను నేను గౌరవిస్తాను. కానీ అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది. యజమాని మహానగరం పోతే పరిశ్రమ తెచ్చుకున్నాడు. కూలివాడు మహానగరం పోతే కట్టుకట్టిన శరీరాన్నో, ప్లాస్టిక్ సంచీలో చుట్టిన శవాన్నో ఎందుకు తెచ్చుకోవాలి?

నూరేళ్ళుగా ఈ పనిలో ఏది ప్రమాదమో అందరికీ తెలుసు. రసాయనాల పొడి కలిపేటప్పుడు ఒరిపిడి పుడితే చాలు, నిప్పు. ఎండ ముదిరిన వేళ ఆ పని చేయకూడదు. ఒక గదిలో ఇంతమందే ఉండాలి, ఇంత సరుకే ఉంచాలి, గదికీ గదికీ ఇంత ఎడం ఉండాలి, కలిపిన మందు మిగిల్చి మర్నాటికి దాచకూడదు. ఇవన్నీ రాసి ఉన్న నిబంధనలే. కానీ కూలి పీసు లెక్కన ఇస్తారు. ఎన్ని గొట్టాలు కూరితే అంత డబ్బు. పండుగ దగ్గరపడితే ఆర్డరు తొందర. ఒకరి పేర లైసెన్సు, ఆ షెడ్డులు లోపాయికారీగా గదుల లెక్కన ఇంకొకరికి లీజు. ప్రమాదం జరిగిన ప్రతిసారీ విచారణలో ఇవే మాటలు బయటికొస్తాయి: పరిమితికి మించి మనుషులు, పరిమితికి మించి మందు, అక్రమ లీజు. మళ్ళీ అవే షెడ్డులు తెరుచుకుంటాయి.

2012 సెప్టెంబరు 5న శివకాశి దగ్గర ముదలిపట్టిలో పేలుడు. దాదాపు 40 మంది పోయారు. వాళ్ళలో చాలామంది ఆ కార్ఖానా కూలీలు కూడా కాదు; పొగ చూసి సాయం చేద్దామనో, ఏం జరిగిందో చూద్దామనో దగ్గరికి వచ్చినవాళ్ళు. 2021 ఫిబ్రవరి 12న సాత్తూరు దగ్గర అచ్చన్‌కుళంలో 20 మందికి పైగా. 2023 అక్టోబరు 17న ఒక్కరోజులోనే శివకాశి ప్రాంతంలో పది మందికి పైగా. 2024 మే 9న సెంగమలపట్టిలో కనీసం ఎనిమిది మంది. 2025 జులై 1న చిన్నకామన్‌పట్టిలో మళ్ళీ కనీసం ఎనిమిది మంది. ఇది పూర్తి జాబితా కాదు. పేపర్లో పడిన పెద్ద వార్తలు మాత్రమే.

మన గడ్డ మీద సంగతి వేరే ఏమీ కాదు. 2025 ఏప్రిల్ 13న అనకాపల్లి జిల్లా కోటవురట్ల మండలం కైలాసపట్నంలో బాణసంచా కేంద్రం పేలి ఎనిమిది మంది చనిపోయారు. అది ఏ రోజో గమనించారా? మట్టల ఆదివారం. మన సంఘాల్లో పిల్లలు ఈతమట్టలు ఊపుతూ, గాడిదపిల్ల మీద పట్నంలోకి వచ్చిన రాజు పాటలు పాడిన రోజు. ఆ ఆదివారం కూడా కూలి పని ఆగలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అని మనం సామెత చెబుతాం. శివకాశి సీమలో అది సామెత కాదు, ప్రభుత్వ విధానం. పేలుడు జరుగుతుంది, మంత్రులు వస్తారు, పరిహారం ప్రకటిస్తారు, తనిఖీ బృందాలు వారం పది రోజులు తిరుగుతాయి, ఆ తర్వాత తాళాలు తీస్తారు. 1990లోనే సుప్రీంకోర్టు శివకాశి అగ్గిపెట్టెల కార్ఖానాల్లో పనిచేసే ప్రతి ఒక్కరికీ 50,000 రూపాయలకు బీమా చేయాలని చెప్పింది. 1996లో ప్రమాదకర పనుల్లో పెట్టుకున్న ప్రతి పిల్లవాడికీ యజమాని 20,000 రూపాయలు సంక్షేమ నిధికి కట్టాలని తీర్పు ఇచ్చింది. ఆ తీర్పుల వల్ల, ఎందరో కార్యకర్తల పోరాటం వల్ల షెడ్డుల్లో పసిపిల్లల పని బాగా తగ్గింది. అది నిజం, అది గెలుపే. కొట్లాడితే మారుతుందని దానివల్లే తెలిసింది. బిడ్డను షెడ్డులోంచి బయటికి తెచ్చాం. తల్లిని అక్కడే వదిలేశాం.

"దేవుని చిత్తం" అనేవాళ్ళకు

ఇక మన సంఘాల్లో వినిపించే మాటలకు జవాబు చెబుతాను.

మొదటి మాట: "అంతా దేవుని చిత్తం, మనం ప్రార్థన చేద్దాం." లూకా సువార్త 13వ అధ్యాయం తెరవండి. సిలోయములో గోపురం కూలి 18 మంది చచ్చిపోయిన సంగతి అక్కడ ఉంది. ఆ కాలపు పారిశ్రామిక ప్రమాదం అనుకోండి. చనిపోయినవాళ్ళు మిగతావాళ్ళకంటే ఎక్కువ పాపులా అని యేసు ప్రభువు అడిగి, కాదని తానే జవాబిచ్చాడు. ఆ వెంటనే మారుమనస్సు పొందమన్నది ఎవరిని? బతికి ఉన్నవాళ్ళను. గోపురం కింద పడినవాళ్ళకు తీర్పు తీర్చడం మాని, గోపురం చుట్టూ నిలబడ్డవాళ్ళు మారాలన్నాడు.

ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయంలో కొత్త ఇల్లు కట్టేవాడు మేడమీద పిట్టగోడ కట్టాలని ఆజ్ఞ ఉంది. ఎవరైనా పడి చస్తే ఆ రక్తాపరాధం ఇంటి మీదికి వస్తుందని హెచ్చరిక ఉంది. నిర్గమకాండం 22వ అధ్యాయంలో నిప్పు అంటుకుని పక్కవాడి పంట కాలితే ఆ నిప్పు అంటించినవాడు నష్టం చెల్లించాలని ఉంది. మూడు వేల ఏళ్ళ కిందటి గొర్రెల కాపరుల చట్టంలో ఉన్న బాధ్యత, పటాకులు కొనే మన చేతికి లేదా? పిట్టగోడ లేని మేడ మీద మనిషిని నిలబెట్టి, పడ్డాక దేవుని చిత్తం అనడం దేవుని మీద నింద వేయడమే.

రెండో మాట: "సంఘం పని ఆత్మల రక్షణ, ఇవన్నీ రాజకీయాలు." అజరయ్య బిషప్పు డోర్నకల్‌లో సువార్తతోపాటు బడులు పెట్టించాడు, తాగుడు మాన్పించడం, శుభ్రత, చదువు ఇవన్నీ సువార్తలో భాగంగానే చూశాడు. ఆయన ఆత్మను, ఒంటిని విడదీసి చూసి ఉంటే మనలో చాలామందికి ఈ వ్యాసం చదివే అక్షరమే వచ్చి ఉండేది కాదు.

మూడో మాట కొంచెం బరువైనది: "పటాకులు మానేస్తే వాళ్ళ పొట్ట కొట్టినట్టు కాదా?" ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు. ఇక్కడ ఏసీ గదిలో కూర్చుని బహిష్కరణ అని పోస్టు పెడితే మన చెవులకు శాంతి, వాళ్ళ పొయ్యికి చలి. అందుకే నేను ఒక దారి చెబుతున్నాను. శివకాశి పటాకుల ఊరు మాత్రమే కాదు, అచ్చు పని ఊరు కూడా. క్యాలెండర్లు, నోటు పుస్తకాలు, కార్డులు అక్కడ పెద్ద ఎత్తున అచ్చవుతాయి. సంఘం కానుకలోంచి పటాకులకు పెట్టే డబ్బును అటు మళ్ళించండి. సంఘపు క్యాలెండరు, వాగ్దాన కార్డులు, వీబీఎస్ పుస్తకాలు, పేద పిల్లలకు పంచే నోటు పుస్తకాలు అక్కడ అచ్చు వేయించండి. పొట్ట నింపే పని కాగితంలో ఉంది. ప్రాణం తీసే పని మందులో ఉంది. మన రూపాయి మందులోంచి కాగితంలోకి మారాలి.

రెండు పావురాల కుటుంబం

పల్లె కుటుంబం మొదటిసారి మహానగరానికి రావడం మన సువార్తలోనే ఉంది. లూకా 2వ అధ్యాయం. యోసేపు, మరియ పసిబిడ్డను ఎత్తుకుని యెరూషలేము వచ్చారు. ధర్మశాస్త్రం ప్రకారం తల్లి గొర్రెపిల్లను అర్పించాలి. కొనే స్తోమత లేనివాళ్ళకు లేవీయకాండం 12వ అధ్యాయంలో ఒక సడలింపు ఉంది: రెండు గువ్వలో, రెండు పావురాల పిల్లలో చాలు. లూకా ఆ సడలింపు గుర్తుచేస్తున్నాడంటే ఆ ఇంటి పేదరికాన్ని మనకు చెబుతున్నాడు. లోక రక్షకుడు మొదటిసారి పట్నం చూసింది తెల్లరేషన్ కార్డు కుటుంబపు బిడ్డగా.

ఆ పట్నంలో రెండు మొహాలు ఉన్నాయి. ఒకటి హేరోదు మొహం. పల్లె బిడ్డ పుట్టుకలో అతనికి కనబడింది ప్రమాదం. రెండోది సుమెయోను, అన్న అనే ఇద్దరు ముసలివాళ్ళ మొహం. సుమెయోను ఆ బిడ్డను చేతుల్లోకి తీసుకున్నాడు. అన్న ఆ బిడ్డ గురించి అందరికీ చెప్పింది. గుడి అంత పెద్దది, యాజకులు అంతమంది; పేద కుటుంబాన్ని గుర్తుపట్టింది మాత్రం ఆ ఇద్దరే. తర్వాత పెద్దవాడైన యేసు అదే దేవాలయంలో బల్లలు పడదోసినప్పుడు గువ్వలు అమ్మేవాళ్ళ ఆసనాలను కూడా పడదోశాడని సువార్తల్లో ఉంది. గువ్వలు ఎవరు కొంటారు? ఆయన తల్లిలాంటివాళ్ళు. పేదవాడి చివరి రూపాయి మీద బతికే బల్ల ఎక్కడున్నా ఆయనకు కోపం తెప్పిస్తుంది.

మన పట్నపు సంఘాలు ఈ రెండు మొహాల్లో ఏది చూపిస్తున్నాయి? విశాఖ కేజీహెచ్ ముందు, హైదరాబాద్ ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల ముందు రాత్రి నడిచి చూడండి. రోగితో వచ్చినవాళ్ళు ఫుట్‌పాత్ మీద దుప్పటి పరచుకుని పడుకుంటారు. వాళ్ళలో చాలామందికి అదే మొదటి పట్నం. ఏ వార్డు ఎక్కడో తెలియదు, ఏ కాగితం ఎవరికి ఇవ్వాలో తెలియదు, స్నానానికి చోటు తెలియదు. కూతవేటు దూరంలో పెద్ద పెద్ద చర్చి భవనాలు రాత్రికి తాళం వేసి ఉంటాయి. ఆదివారం మూడు గంటలు వాడే హాలు వారంలో మిగతా రాత్రులు ఎవరికోసం? మదురైలో అయినా అంతే, మన దగ్గర అయినా అంతే.

నిప్పు సర్టిఫికెట్ అడగదు

ఇంకొక సంగతి చెప్పకపోతే ఈ మాట సగమే అవుతుంది. తిరుత్తంగల్ బిడ్డ మొదటిసారి పట్నం పోవలసింది కాలేజీకి. 2009లో తమిళనాడు ప్రభుత్వం ఎస్సీలకున్న 18 శాతంలో అరుంధతీయులకు 3 శాతం ప్రత్యేకంగా కేటాయిస్తూ చట్టం చేసింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఎస్సీ వర్గీకరణ రాజ్యాంగబద్ధమేనని ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనంతో తీర్పు చెప్పింది. మంచిదే. కానీ అదే ఇంట్లో ఒక బిడ్డ బాప్తిస్మం తీసుకుంటే? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం ఆ బిడ్డ ఎస్సీ కాకుండా పోతుంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను ఆ ఉత్తర్వులో చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. తమిళనాడులో ఆ బిడ్డ బీసీ, మన ఆంధ్రప్రదేశ్‌లో ఒక శాతం ఉన్న బీసీ-సీ. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఎస్సీ హోదాను మతంతో ముడిపెట్టొద్దని సిఫార్సు చేసింది. ఆ సిఫార్సు అమలు కాలేదు.

షెడ్డులో పేలే మందు బాప్తిస్మం అయిందా లేదా అని అడగదు. వాడ పక్కనుంచి ముక్కు మూసుకుని నడిచే మనిషి బైబిలు చూసి ముక్కు వదలడు. సర్టిఫికెట్ మాత్రమే అడుగుతుంది. కాలేజీ తలుపు మూసినప్పుడు తెరిచి ఉండే తలుపు షెడ్డుది. అందుకే మూడో పేరా మీద మన పోరాటం, పటాకుల షెడ్డు మీద మన మాట వేరువేరు కాదు.

ఇక చేయవలసింది

యౌవనస్థులారా, ఈ డిసెంబరులోపు మీ సంఘంలో ఈ పనులు మొదలుపెట్టండి.

కానుక డబ్బుతో గానీ, యూత్ చందాతో గానీ వాచ్ నైట్‌కు పటాకులు కొనమని సంఘ కమిటీ తీర్మానం చేయాలి. పోయిన ఏడు ఎంత ఖర్చయిందో లెక్క తీసి, అంత మొత్తం కాలిన కుటుంబాల పిల్లల చదువుకు వేరుగా పెట్టాలి. సొంత డబ్బుతో కొనేవాళ్ళు లైసెన్సు లేని చోట, పెరట్లో తయారైన చౌక సరుకు ముట్టుకోకూడదు. ఆ చౌకదనానికి వెల ఎవరో ఒకరి చర్మం.

మీ జిల్లాలో బాణసంచా కేంద్రాలు ఎన్ని, వాటికి లైసెన్సులు ఉన్నాయా, కూలీలకు ఈఎస్ఐ, బీమా ఉన్నాయా, చివరి తనిఖీ ఎప్పుడు జరిగిందో సమాచార హక్కు చట్టం కింద అడగండి. పది రూపాయల దరఖాస్తు అది. ప్రార్థన చేసి పోస్టులో వేయండి.

పెద్దాసుపత్రికి దగ్గరలో ఉన్న ప్రతి పట్నపు సంఘం ఒక హాలును, రెండు బాత్రూములను రోగుల బంధువుల కోసం రాత్రిపూట తెరిచి ఉంచాలి. ఓపీ చీటీ ఎక్కడ తీసుకోవాలో, రక్తం ఎక్కడ అడగాలో చూపించే ఇద్దరు యువకులు వంతులవారీగా ఉంటే చాలు. సుమెయోను చేసిన పని అంతే: బిడ్డను చేతుల్లోకి తీసుకోవడం.

మన డయోసీసులు, సంఘాల సమాఖ్యలు మదురై–రామ్‌నాడ్ డయోసీసు వంటి అక్కడి సంఘాలతో కలిసి పని చేయాలి. మన సీఎస్ఐ సంఘాలది, వాళ్ళది ఒకే తల్లి సంఘం, 1947 సెప్టెంబరు 27న కలిసి పుట్టింది. ఉజ్జీవ సభలకు ప్రసంగీకులను ఇచ్చిపుచ్చుకోవడం చాలాకాలంగా ఉంది. ఇక బాధ్యతలు కూడా ఇచ్చిపుచ్చుకుందాం.

చివరిగా ఒకటి. వేసవి సెలవుల్లో మన సండే స్కూలు పిల్లలను పట్నం తీసుకెళ్తాం. తిరుత్తంగల్ నుంచి, కోవిల్‌పట్టి నుంచి తెలుగు మాట్లాడే ఆ కూలి ఇళ్ళ పిల్లలను, వాళ్ళ అమ్మానాన్నలతో సహా మన పట్నాలకు అతిథులుగా పిలుద్దాం. డోర్నకల్ గుడి చూపిద్దాం; వాళ్ళ సీమ నుంచి వచ్చిన మనిషి కట్టించిన గుడి అది. సముద్రం చూపిద్దాం, సైన్స్ మ్యూజియం చూపిద్దాం, యూనివర్సిటీ గేటు లోపలికి నడిపిద్దాం. వాళ్ళ నాన్న రోడ్డు దాటలేక నిలబడిపోతే చెయ్యి పట్టుకుందాం. ఇంటికెళ్ళాక వాళ్ళు కూడా ఆ సంగతి చెప్పుకుని నవ్వుకోవాలి.

అయ్యా, అమ్మా, ఒక కుటుంబం మొదటిసారి పట్నం చూసేది కన్నీళ్ళతో కాకూడదు. ఈ సంవత్సరం ఆ 35 నిమిషాలు మన సంఘాల ఆవరణలు నిశ్శబ్దంగా ఉండనివ్వండి. ఆ నిశ్శబ్దంలో మదురై వార్డు ముందు వరండాలో కూర్చున్న ఆ తల్లిని పేరు తెలియకపోయినా దేవుని ముందు జ్ఞాపకం చేసుకుందాం. తెల్లారాక లేచి, ఆమె బాకీ తీర్చే పనిలో దిగుదాం.

నీతిని, న్యాయాన్ని ప్రేమించే దేవుడు మనకు తోడై ఉండును గాక. ఆమేన్.